జెల్ నింపుకొనే చేతిబ్రష్షు: ఎంపిక, వాడకం, శుభ్రత

పిడి లోపల ఒక చిన్న గొట్టం, అందులో జెల్ గానీ సీరం గానీ, పిడి మీద ఒక మీట. ఆ మీట నొక్కితే బ్రష్షు పళ్ళ మొదళ్ళలో ఉన్న రంధ్రాల గుండా లోపలి ద్రవం జుట్టులోకి దిగుతుంది. సీసాను, దువ్వెనను వేరువేరుగా మోయనక్కరలేదు, అరచేతులకు జిడ్డు అంటదు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనులో తెల్లవారుజామున బండి ఎక్కి విశాఖపట్నంలో ఉద్యోగానికి వెళ్ళేవారికి, విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలో నాట్యప్రదర్శనకు పిల్లలను సిద్ధం చేసే తల్లులకు ఇది నిజంగా అక్కరకు వచ్చే వస్తువు. అయినా కొన్న కొద్దికాలానికే దీన్ని మూలన పడేసేవారు ఎందరో ఉన్నారు. పిడిలో పోయకూడనిది పోయడం, పోసినదాన్ని కడగకుండా నెలల తరబడి వదిలేయడం, ఈ రెండే అందుకు ప్రధాన కారణాలు.

కొనేటప్పుడు రంగు, పొడవు చూడడం కంటే ముందు బ్రష్షు తల ఊడివస్తుందో లేదో చూడాలి. పళ్ళు గుచ్చిన పలక, గొట్టం, మూత మూడూ విడివిడిగా తీసి కడుక్కునే వీలు లేని బ్రష్షు ఎంత అందంగా ఉన్నా వద్దనే నా సలహా. అమెరికాలో లైడా న్యూమన్ అనే నల్లజాతి మహిళ 1898లో పేటెంటు పొందిన బ్రష్షులోని ముఖ్యమైన విశేషాల్లో ఒకటి, పళ్ళ కింద చేరే మురికిని సులువుగా తీసివేసేందుకు తెరుచుకునే అర. వట్టి బ్రష్షుకే అంత అవసరమైన ఏర్పాటు, లోపల జిగురు నిల్వ ఉండే బ్రష్షుకు మరెంత అవసరమో ఆలోచించండి. ఇంటికి తెచ్చాక మొదట మంచినీళ్ళు నింపి, మీట నొక్కి, అన్ని రంధ్రాల నుంచీ నీరు సమానంగా వస్తున్నదో లేదో పరీక్షించి, తరువాత రాత్రంతా పాత వార్తాపత్రిక మీద పడుకోబెట్టి ఉంచితే మూత దగ్గర కారడం ఉన్నదీ లేనిదీ తెల్లారేసరికి కాగితమే చెబుతుంది.

ఇక ఏం నింపాలన్నది అసలైన విషయం. ఒక చుక్కను పళ్ళెంలో వేసి పళ్ళాన్ని ఏటవాలుగా పట్టుకోండి. చుక్క నెమ్మదిగా జారితే అది పిడిలో పోయడానికి పనికివస్తుంది. జారకుండా అక్కడే నిలబడితే ఆ సన్నని రంధ్రాల్లో అది కదలదు. కాబట్టి నీటితో చేసిన పలుచని జెల్, జుట్టుకు రాసి వదిలేసే సీరం మంచివి. మైనం కలిసిన గట్టి క్రీములు పనికిరావు. జెల్ చిక్కగా ఉన్నదని బోరు నీళ్ళు కలిపి పలుచన చేసే అలవాటు మాత్రం అస్సలు మంచిది కాదు. చాలా జెల్‌లకు చిక్కదనాన్ని ఇచ్చే కార్బోమర్ అనే పదార్థం ఉప్పు తగిలితే పట్టు వదిలేస్తుంది. తీరప్రాంతపు గ్రామాల్లో బోరు నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. పైగా నీళ్ళు కలిపితే జెల్ చెడిపోకుండా కాపాడే మందు బలం కూడా తగ్గుతుంది.

ఉద్దానం కొబ్బరి నూనె ఇంట్లో ఉండగా జెల్ ఎందుకని అడిగేవారికి ఒక మాట. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. వేసవిలో పిడిలో చక్కగా కదిలే నూనె మార్గశిర, పుష్య మాసాల ఉదయాల్లో రంధ్రాల్లోనే బిగుసుకుపోతుంది. చలికాలంలో నువ్వుల నూనె మేలు. గానుగ నూనె అయితే మడ్డి లేకుండా పలుచని గుడ్డలో వడకట్టి పోయాలి. అవిసె గింజలతో ఇంట్లో కాచిన జెల్ జుట్టుకు మంచిదే గానీ, అది బయట ఉంచితే త్వరగా పులిసిపోతుంది. దాన్ని చేత్తో రాసుకోండి, పిడిలో నింపకండి.

నింపడానికి సూది లేని సిరంజి అన్నిటికంటే అనువైనది. ద్రవాన్ని గొట్టం అంచు వెంబడి నెమ్మదిగా వదిలితే బుడగలు రావు. ముప్పావు వంతు వరకే నింపి ఆపాలి.

వాడేముందు జుట్టు చిక్కు తీసి ఉండాలి. ఈ బ్రష్షు చిక్కు తీసే సాధనం కాదు. తడి వెంట్రుక పొడి వెంట్రుక కంటే బలహీనంగా ఉండి సాగుతుంది కాబట్టి, వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీశాకే దీన్ని చేతిలోకి తీసుకోవాలి. జుట్టును తువ్వాలుతో అద్ది, చెమ్మ మాత్రమే మిగిలినప్పుడు నాలుగు పాయలుగా విడదీసి, ఒక్కో పాయకు ఒక్కసారి మీట నొక్కి, మీట మీద నుంచి వేలు తీసేసి, ఆపైన కొస దాకా దువ్వాలి. దువ్వుతూ నొక్కితే ఒకచోట ముద్దగా, మరొకచోట పొడిగా మిగిలిపోతుంది. సీరాన్ని చెవుల కింది నుంచి కొసల వరకే వాడాలి, కుదుళ్ళకు తగలనివ్వకూడదు. నాట్యానికి కొప్పు వేసేటప్పుడు మాత్రం జెల్‌ను నుదుటి అంచు నుంచి వెనక్కి దువ్వాలి.

భావనపాడు, కళింగపట్నం వైపు గాలిలో తేమ ఎక్కువ. పీవీపీ అని డబ్బా మీద రాసి ఉన్న జెల్‌లు ఆ తేమను పీల్చుకొని జిగటగా మారతాయి. వానాకాలంలో అటువైపు వెళ్ళేవారు సిలికాన్ కలిసిన సీరం నింపుకుంటే జుట్టు కుదురుగా నిలుస్తుంది.

వారానికి ఒకసారైనా కడగాలి. ముందుగా పళ్ళకు చుట్టుకున్న వెంట్రుకలను తీసి, భాగాలు విడదీసి, గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా షాంపూ కలిపి పావుగంట నాననివ్వండి. సిలికాన్ సీరం వట్టి నీళ్ళకు పోదు, దానికి షాంపూ రెండుసార్లు పట్టించాలి. కుంకుడు రసం వాడితే పిప్పి రంధ్రాల్లో చిక్కుకుంటుంది. మరిగే నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ వంగి మూత సరిగా బిగియదు. చివరి కడుగు తప్పనిసరిగా తాగే నీటితో కావాలి, ఎందుకంటే బోరు నీళ్ళు ఆరినప్పుడు మిగిలే తెల్లని పొర ఆ రంధ్రాలను కొద్దికొద్దిగా మూసేస్తుంది. పళ్ళు కిందికి ఉండేలా నీడలో ఆరబెట్టి, పూర్తిగా పొడి అయ్యాకే మళ్ళీ నింపాలి.

ప్రయాణంలో బ్రష్షును పళ్ళు పైకి ఉండేలా సంచిలో పెట్టాలి. ఎండలో నిలిపిన కారులో లోపలి గాలి వ్యాకోచించి బయటికి తోసుకువస్తుంది. పళ్ళు పైకి ఉంటే గాలి మాత్రమే పోతుంది, కిందికి ఉంటే జెల్ అంతా బట్టల మీదికి వస్తుంది.

నాట్యబృందాల వారికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటి ఉంది. పదిమంది పిల్లల తలలకు ఒకే బ్రష్షు తిప్పితే ఒకరి తలలోని పేలు అందరికీ పాకుతాయి, తలలో తామర ఉన్నా అంటుకుంటుంది. అలాంటి రోజున మీట నొక్కి జెల్‌ను శుభ్రమైన చెంచాలోకి తీసి, ఏ పిల్ల జుట్టును ఆ పిల్ల సొంత దువ్వెనతోనే దువ్వాలి.