అందింది ఎడమ పేజీలో, ఇచ్చిన మాట కుడి పేజీలో

"ఈసారి సంక్రాంతికి తప్పకుండా వస్తామమ్మా" అని దసరాకే ఫోన్లో చెప్పేస్తాం. ఆ మాట నిలబడేదీ పోయేదీ జనవరిలో కాదు, నవంబరులో. రైలు ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులు కాస్తా 60 రోజులైంది, అదీ ప్రయాణం రోజును లెక్కలోకి తీసుకోకుండా. జనవరి 12న బెంగళూరులో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే టికెట్లు తెరుచుకునేది నవంబరు 13 ఉదయం 8 గంటలకు. పండగ రోజుల సీట్లు ఎంతసేపు ఉంటాయో ఇక్కడి తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి అమ్మకు మాట ఇచ్చి ఫోన్ పెట్టేయగానే నవంబరు 13, ఉదయం 7.45కి అలారం పెట్టండి. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ అయిందో లేదో చూసుకోండి. వెళ్లేవాళ్ల పేర్లు, వయసులు ముందే అందులో ఎక్కించి ఉంచండి. ఇవేవీ చేయకపోతే అమ్మకు చెప్పింది మన కోరిక మాత్రమే.

చేసిన మేలు గుర్తుంచుకోవడమూ ఇలాంటిదే. "మనసులో ఉందిలే" అనుకుంటే ఎదుటి మనిషికి అందదు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు అన్నవి లేకపోతే మాటా కృతజ్ఞతా రెండూ గాల్లో కలిసిపోతాయి. అందుకే రెండింటికీ కలిపి ఒకటే పద్దు పుస్తకం పెట్టుకోమంటాం.

పుస్తకం, ఎడమ పేజీ

జేబులో పట్టే 100 పేజీల నోట్‌బుక్ చాలు. ఫోన్లో రాయొద్దు. రాద్దామని ఫోన్ తీస్తే వాట్సాప్‌లో తేలతాం. పుస్తకం తెరిచినప్పుడు ఎడమ పేజీ అందిన మేలుకు, కుడి పేజీ ఇచ్చిన మాటకు. వారానికి ఒక జత పేజీలు. రాత్రి గిన్నెలు సర్దేశాక ఐదు నిమిషాలు దీనికి కేటాయించండి.

మొదటి వారం రోజూ మూడు సంగతులు రాయండి. ఒక్కో దాంట్లో మూడు ముక్కలుండాలి: ఎవరు, ఏం చేశారు, దానివల్ల మనకు తప్పిన కష్టం ఏమిటి. "ఈరోజు బాగా గడిచింది" అని రాస్తే పుస్తకం నిండుతుంది తప్ప మనకేమీ మిగలదు. "లిఫ్ట్ పనిచేయకపోతే వాచ్‌మన్ 20 లీటర్ల నీళ్ల క్యాన్ మూడో అంతస్తు దాకా మోసుకొచ్చాడు, నా నడుం బతికింది" అని రాయండి. రేపు అతను కనిపించినప్పుడు ఏం అనాలో కూడా ఆ వాక్యంలోనే దొరుకుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో చేయించింది దాదాపు ఇదే: వారం పాటు రోజూ రాత్రి మూడు మంచి సంగతులు, ఒక్కోటి ఎందుకు జరిగిందో కారణంతో సహా. సంతోషం పెంచిన ఆ గుణం ఆరు నెలల దాకా కనిపించింది, ముఖ్యంగా వారం అయిపోయాక కూడా తమంతట తాము కొనసాగించినవాళ్లలో. చాలామంది వదిలేసేది ఆ 'ఎందుకు' అన్న ముక్కనే. అది లేకపోతే మిగిలేది వట్టి జాబితా.

రెండో వారానికి చేతికి అలవాటు పడుతుంది, మనసుకు విసుగు పుడుతుంది. అమ్మ, ఆరోగ్యం, ఉద్యోగం అని అవే మూడు మాటలు తిరిగి తిరిగి వస్తాయి. అప్పుడు రోజూ రాయడం మానేసి ఆదివారం రాత్రికి మార్చుకోండి, మూడుకు బదులు ఐదు రాయండి. ఎమన్స్, మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకదానిలో వారానికి ఒకసారి, ఐదు దాకా సంగతులు, పది వారాలు రాయించారు. మనకు ఒక్క నియమం చాలు. అదే పేరు మళ్లీ రావచ్చు కానీ అదే పని మళ్లీ రాకూడదు. ఏమీ తోచని వారం రెండే రాసి పడుకోండి. లేనిది కల్పించి రాస్తే పుస్తకం మీదే నమ్మకం పోతుంది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. కృతజ్ఞత పేరుతో హక్కు వదులుకోకండి. కొత్తగా ఊరొచ్చినప్పుడు ఇల్లిచ్చి ఆదుకున్న ఓనర్ మీద గౌరవం ఎడమ పేజీలో ఉండనివ్వండి. ఖాళీ చేసేటప్పుడు ఆయన తిరిగివ్వాల్సిన అడ్వాన్స్ వేరే లెక్క. మొహమాటపడి అడక్కపోతే కొన్నాళ్లకు ఆ గౌరవం కూడా చేదైపోతుంది.

నోటితో, చేతితో

మన ఇళ్లలో అమ్మకో అత్తకో "ధన్యవాదాలు" అంటే పరాయివాళ్లతో మాట్లాడినట్టుంటుంది. ఆ మాట వదిలేసి, చేసిన పని మనకెలా ఉపయోగపడిందో చెప్పండి. "అత్తయ్యా, మీరు పంపిన కారప్పొడి రోజూ ఇడ్లీల్లోకి వేసుకుంటున్నాం, నెల్నుంచి బయట టిఫిన్ మానేశాం" అంటే ఆవిడకు కడుపు నిండుతుంది. ఇక్కడి కన్నడవాళ్లతోనైతే "తుంబా ఉపకార ఆయ్తు అణ్ణా" అన్న ముక్క నేర్చుకోండి. ఆటో అన్నకు, ఇస్త్రీ బండి అక్కకు వాళ్ల భాషలో చెప్పిన ఆ మూడు ముక్కలు బాగా చేరతాయి.

రోజూ మేలు చేసేవాళ్లకు మాటకన్నా వాళ్ల పని తేలిక చేయడం ఎక్కువ. కర్ణాటకలో సెప్టెంబరు 23న పౌరకార్మికుల, అంటే పారిశుద్ధ్య కార్మికుల, దినం జరుపుతారు. మిగతా 364 రోజులు మన చేతిలో ఉన్నది చెత్తబుట్ట. హసి కస, ఒణ కస, అంటే తడిదీ పొడిదీ, విడివిడిగా ఇవ్వండి. పగిలిన గాజు ముక్కల్ని రెండు మూడు పొరల న్యూస్‌పేపర్లో చుట్టి, పైన పెన్నుతో 'గాజు' అని రాయండి, కన్నడలో రాయగలిగితే ఇంకా మంచిది. శానిటరీ ప్యాడ్లు, డయపర్లు కాగితంలో చుట్టి ఎర్ర గుర్తు పెట్టి వేరుగా ఇవ్వండి. చెత్త వేరుచేసే మనిషి చెయ్యి తెగకుండా ఉంటే అదే మీ నమస్కారం.

ఇంట్లో పనిచేసే అక్కకు జీతం ఒకటో తేదీ అన్నారంటే ఒకటో తేదీనే ఇవ్వాలి. పదో తేదీన జీతంతోపాటు స్వీట్ బాక్స్ ఇస్తే ఆలస్యం చెల్లిపోదు. పండగ బోనస్ ఇచ్చే ఇళ్లవాళ్లు పండగనాడు కాకుండా వారం ముందే ఇవ్వండి, పిల్లలకు బట్టలు కొనేది అప్పుడే కదా.

కుడి పేజీ

ఇక్కడ రాసేవి మనం ఒప్పుకున్నవి. "చూద్దాంలే", "ట్రై చేస్తా" అన్నవి ఎక్కించొద్దు, అసలు అనడమే తగ్గించండి. మనకది మర్యాదగా తప్పించుకోవడం, విన్నవాళ్లకు సగం ఒప్పుకోలు. ఊ కొట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: సరిగ్గా ఏం చేయాలి, ఏ తేదీకి, నేను చేయకపోతే ఎవరి పని ఆగుతుంది? మూడోదానికి జవాబు తెలియకపోతే ఎదుటివాళ్లనే అడగండి. ఒకేసారి ఏడుకు మించి తెరిచి ఉంచొద్దు. ఎనిమిదోది రావాలంటే ఒకటి పూర్తి కావాలి, లేదా ఒకదానికి మర్యాదగా కుదరదని చెప్పాలి.

మాట తప్పేవాళ్లలో ఎక్కువమందికి దురుద్దేశం ఉండదు, లెక్క తప్పుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బ్యూలర్ బృందం 1994లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 33.9 రోజుల్లో పూర్తవుతుందని అంచనా వేశారు, పట్టింది 55.5 రోజులు. అంటే ఒకటిన్నర రెట్లు దాటింది. కారణం, వచ్చే పనిని ఊహించుకుంటామే తప్ప క్రితంసారి ఎంత పట్టిందో గుర్తుచేసుకోం. పని రెండు రోజులనిపిస్తే మూడు రోజులని చెప్పండి. బెంగళూరులో ప్రయాణానికైతే మ్యాప్ చూపించే నిమిషాలు కాదు, అదే రోజు అదే వేళ క్రితంసారి పట్టిన నిమిషాలే లెక్క. వీలైతే కలుసుకునే చోటు మెట్రో స్టేషన్ దగ్గర పెట్టుకోండి. వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ మీదుగా చల్లఘట్ట దాకా పర్పుల్ లైన్ 2023 అక్టోబరు నుంచి పూర్తిగా నడుస్తోంది, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఎల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలైంది. ఇంట్లో చెప్పులు వేసుకుంటూ "దార్లో ఉన్నా" అనడం మాత్రం ఈరోజుతో మానేయండి. చిన్న అబద్ధమే కానీ రోజుకు మూడుసార్లు ఆడితే మన మాటకు విలువ ఉండదు.

తేదీ లేని మాటలకు ఒక కొక్కెం తగిలించాలి. "నాన్నకు తరచూ ఫోన్ చేస్తా" అని కాకుండా "శనివారం టిఫిన్ తిని ప్లేటు కడగ్గానే ఫోన్ చేస్తా" అని రాయండి. పీటర్ గాల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనల్లో తేలింది ఇదే: 'ఇది జరిగితే అది చేస్తా' అని ముందే ముడివేసుకున్న పని జరిగే అవకాశం ఎక్కువ. ప్లేటు కడగడం మర్చిపోం కనుక ఫోనూ మర్చిపోం.

డబ్బు మాటల్లో గీత ఇంకా పదునుగా ఉండాలి. చేబదులు తీసుకున్న 10,000 "ఉన్నప్పుడు ఇస్తా" అనకండి. ఐదు నెలలు, ఐదో తేదీన, 2,000 చొప్పున యూపీఐలో పంపండి, నోట్‌లో '5లో 2వది' అని రాయండి. చీటీ వాయిదా మనం ఆలస్యం చేస్తే ఆ నెల పాట పాడుకున్నవాళ్ల డబ్బు ఆగుతుంది, వాళ్లకు అది కాలేజీ ఫీజు కావచ్చు.

అన్నీ చేసినా కొన్ని తప్పుతాయి. తప్పుతుందని తెలిసిన గంటలోనే చెప్పండి, గడువు దాటాక కాదు. "నేను మాట ఇచ్చాను, చేయలేకపోతున్నాను" అని ఒక వాక్యం, కొత్త తేదీ, ఈలోపు వాళ్ల ఇబ్బంది తగ్గడానికి మనం చేయగలిగింది. అంతే. ట్రాఫిక్ పేరు ఎత్తకండి, అది నిన్నా ఉంది. తేదీ ఒకసారే మార్చాలి. రెండోసారి మార్చాల్సి వస్తే పని వదులుకుని, వేరే మనిషిని చూసుకోమని చెప్పడమే వాళ్లకు మేలు.

ఊరికి తీసుకెళ్లాల్సిన కాగితం

మూడు నెలలు రాశాక ఎడమ పేజీలు తిరగేస్తే, పుస్తకంలో ఎక్కడా లేని ఒక పాత పేరు గుర్తుకొస్తుంది. లెక్కలు నేర్పిన మాస్టారో, హాస్టల్ ఫీజు కట్టిన పెదనాన్నో. వాళ్లకు ఒక పేజీ ఉత్తరం రాయండి, చేతిరాతతో. ఏం చేశారు, అది ఏ సంవత్సరం, ఆ తర్వాత మీ జీవితం ఎటు తిరిగింది. పొగడ్తలు తీసేయండి, సంఘటనలు ఉంచండి. ఇబ్బందిగా ఉంటుందేమోనని చాలామంది రాసి కూడా ఇవ్వరు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో ఆ భయం అతిగా ఉంటుందని తేలింది. రాసినవాళ్లు ఊహించినదానికన్నా అందుకున్నవాళ్లు ఎక్కువ సంతోషించారు, ఊహించినంత ఇబ్బంది పడలేదు.

సంక్రాంతి టికెట్ దొరికిందిగా, ఆ కాగితం బ్యాగులో పెట్టుకోండి. కనుమ మర్నాడు, చుట్టాల హడావిడి తగ్గాక, వాళ్లింటికి వెళ్లి ఎదురుగా కూర్చుని చదివి వినిపించండి. ఫొటోలు తీయొద్దు. చదవడం అయ్యాక కాగితం వాళ్ల చేతిలో పెట్టి, కాఫీ ఇస్తే తాగి రండి.