పులికాట్ నీళ్ళలో మత్స్యకన్య ప్రేమకథ రాయాలంటే

తిరుపతిలో ఉంటూ మత్స్యకన్య ప్రేమకథ రాద్దామనుకునేవాళ్ళు మొట్టమొదట చేసే పని, ఆ పిల్లని తీసుకెళ్ళి కపిలతీర్థంలోనో తలకోనలోనో పడేయడం. నేనూ అదే చేశాను. మూడు అధ్యాయాలయ్యాక మా అవ్వకి చదివి వినిపిస్తే, "అంతమంది మునిగే గుంటలో ఆ పిల్ల యాడ దాక్కుంటుంది నాయనా?" అంది. దాంతో ఆ కథ అక్కడే ఆగిపోయింది. ఇక తిరుమల పుష్కరిణి జోలికైతే అసలు పోవద్దు, అది దేవుడి కోనేరు, చదివేవాళ్ళు కథ పక్కన పెట్టి మీతో గొడవకొస్తారు.

మనకి పులికాట్ సరస్సు ఉంది కదా. 2022లో జిల్లాలు విడగొట్టాక సూళ్ళూరుపేట, తడ వైపంతా తిరుపతి జిల్లాలోకే వచ్చింది. రాసేముందు ఒకసారి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా బస్సెక్కి వెళ్ళి చూసి రండి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, చలికాలమైతే అటూ ఇటూ ఫ్లెమింగోలు, ఆ చివర శ్రీహరికోట, దాని అవతల సముద్రం.

వెళ్ళి చూస్తే మీకు మొదట తగిలే ఇబ్బంది లోతు. చాలా చోట్ల నీళ్ళు మొల దాకా కూడా రావు. ఎండాకాలంలో ఉత్తరం వైపు చాలా మేర ఎండిపోయి నేల బీటలు వారుతుంది. మరి మత్స్యకన్య ఎక్కడుంటుంది? ఇక్కడే కొందరు భయపడి, "సరస్సు అడుగున ఒక రహస్య గుహ" అని రాసేస్తారు. దయచేసి వద్దు. లోతు లేకపోవడమే మీ కథకి కావాల్సిన టెన్షన్. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి నీళ్ళు పెరుగుతాయి, కాళంగి లాంటి నదులు మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి కాబట్టి ఉప్పు తగ్గుతుంది, మళ్ళీ ఎండలు ముదిరేసరికి నీళ్ళు తగ్గి ఉప్పు పెరుగుతుంది. సముద్రంతో కలిసే ముఖద్వారమేమో ఇసుక మేట వేసి పూడుకుపోతూ ఉంటుంది. అంటే ఆమె వానల్లో లోపలికి వచ్చింది, దారి పూడకముందే బయటికి వెళ్ళిపోవాలి. ఒక క్యాలెండర్ తీసుకుని ఏ నెలలో ఏ అధ్యాయమో దాని మీదే రాసుకోండి. సగం కథ అదే నడుపుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. కూడదన్న ప్రేమ అనగానే మనవాళ్ళు కళ్ళెర్రజేసే తండ్రిని ఒకణ్ణి దింపేస్తారు. ఆయన ఎందుకు కూడదంటున్నాడో ఆయనకే తెలియదు. భారతంలో దాశరాజుని చూడండి. శంతనుడు సత్యవతిని అడిగితే ఆయన అరవలేదు, మీసం మెలేయలేదు, నా కూతురికి పుట్టేవాడికే రాజ్యం అని ఒక్క షరతు పెట్టాడు. దాని ఖరీదు కట్టింది ప్రేమించినవాడూ కాదు, ఆ పిల్లా కాదు, మధ్యలో శంతనుడి కొడుకు దేవవ్రతుడు, అదే మన భీష్ముడు. మీరూ తోక రంగు గురించి ఆలోచించే ముందు ఈ ప్రశ్న వేసుకోండి: వీళ్ళిద్దరూ కలిస్తే నష్టపోయే మూడో మనిషి ఎవరు? జవాబు దొరకలేదంటే ఇంకా రాయడం మొదలుపెట్టొద్దు.

పులికాట్‌కి దక్షిణాన, తమిళనాడు వైపు పల్లెల్లో 'పాడు' అనే పద్ధతి ఉంది. ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వేయాలో వంతులు. అలాంటి వంతులున్న పల్లెనే మీ కథలో పెట్టండి. ఆమె కోసం మీ కుర్రాడు తన వంతు కాని రాత్రి, తనది కాని చోటికి పడవ తీశాడనుకోండి, పక్కింటి బాబాయి ఆ రోజు కూడు పోయినట్టే. ఇక విలన్ అక్కర్లేదు, బాబాయి చాలు, పైగా ఆయనదే న్యాయం.

ఒకే ఒక్క వస్తువుని కథంతా మోయండి. నేనైతే వాసన పట్టుకుంటాను. మత్స్యగంధికి, అంటే ఆ సత్యవతికే, పరాశరుడు చేపల వాసన పోగొట్టి పరిమళం వెదజల్లే యోజనగంధిని చేశాడు కదా, మీరు దాన్ని తిరగేయండి. మీవాడు తిరుపతిలో డిగ్రీ ఫస్టియర్, హాస్టల్. ఇంటి నుంచి వచ్చి బ్యాగు తెరిచిన ప్రతిసారీ ఎండుచేపల వాసన, పక్క మంచం వాడు ఏమీ అనకుండా లేచి కిటికీ తెరుస్తాడు. ఆ 'ఏమీ అనకపోవడం' రాయగలిగితే సరస్సు మీద సీను దానంతటదే వస్తుంది:

ఆమె పడవ అంచు పట్టుకుని అతని చొక్కా చెయ్యి ముక్కు దగ్గరికి లాక్కుంది. అతను విడిపించుకున్నాడు.
"వాసనొస్తుంది" అన్నాడు.
"ఏం వాసన?"
"చేపలది."
ఆమె మళ్ళీ పీల్చి చూసింది. "నాకేం రావడం లేదే."

చాలు, ఇక్కడ ఆపేయండి. కింద 'ఆమె కళ్ళలో సముద్రం కనిపించింది' అని రాశారో, పైన పడ్డ కష్టమంతా పోయినట్టే.

ఆమె గొంతు పోగొట్టి కాళ్ళు ఇప్పించే బేరం వద్దు. 1837లో ఆండర్సన్ 'లిటిల్ మెర్మెయిడ్' కథ రాసిన దగ్గర్నుంచి అది అరిగిపోయింది. వయసు మాత్రం ఇద్దరికీ పద్దెనిమిది దాటనివ్వండి. ఇంటర్ పిల్లల మీద రాయకండి, దీని మీద నాతో వాదన అనవసరం.

కలవడానికి సందు కావాలంటే రాకెట్ ఉంది. ప్రయోగం ఉన్నప్పుడు చుట్టుపక్కల సముద్రంలోకి వేటకి వెళ్ళనివ్వరు. రాత్రి ప్రయోగం పెట్టుకోండి, ఊరంతా మేడలెక్కి పైకి చూస్తూ ఉంటుంది, నీళ్ళ వైపు చూసేవాడు ఒక్కడే.

చివరగా మాట. మీవాడు "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు" అంటే టీవీ సీరియల్‌లా ఉంటుంది, "యాడికి పోతా ఉండావు" అనాలి. మరి ఆమెకి తెలుగెలా వచ్చు? ఇది తప్పకుండా తేల్చుకోవాలి. నా రెండో ప్రయత్నంలో ఆమె పడవల కింద ఈదుతూ విని నేర్చుకుంది. కాబట్టి ఆమెకి వచ్చిందల్లా వల లాగేవాళ్ళ అరుపులు, జరుగు, పట్టు, వదులు, ఇంకా బోలెడు తిట్లు. అతన్ని మొదటిసారి ముద్దుగా పిలవాలనుకుని, అందులో అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న తిట్టుతోనే పిలుస్తుంది. మా అవ్వ నవ్వింది అక్కడే.