పాత మోటార్‌సైకిల్ ఇంజిన్‌లో చప్పుడు: కారణం ఎలా పట్టుకోవాలి

ఇంజిన్ విప్పే ముందు ఆయిల్ మట్టం చూసి, చప్పుడు ఎప్పుడు వస్తోందో గమనించాలి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే గలగలమంటే, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) ముందుకు జరగడమో, పిస్టన్ పైన మసి పేరుకోవడమో, కార్బురేటర్ నుంచి పెట్రోలు తక్కువగా అందడమో కారణం కావచ్చు. ముందుగా టైమింగ్ సరిచేయాలి, సిలిండర్ పైమూత అయిన హెడ్ విప్పి మసి గీకడం ఆ తరువాతి పని. చల్లగా ఉన్నప్పుడు వినిపించి వేడెక్కాక తగ్గే చప్పుడు సాధారణంగా పిస్టన్ అరుగుదలది.

పొడవైన స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడికి చెవి ఆనించి వినాలి. నా మటుకు ఇంతకు మించిన పరికరం అక్కర్లేదు. ఇంజిన్ అడుగుభాగమైన క్రాంక్‌కేసులో బరువైన దబదబ వినిపిస్తే బండి నడపడం ఆపేసి, సిలిండర్ తీసి పిస్టన్‌ను కింది ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్‌ను పట్టి చూడాలి: అది పక్కలకు కొద్దిగా కదలడం సహజమే గానీ, నిలువుగా ఆడుతున్నట్టు చేతికి తెలిస్తే ఆ రాడ్ కింది కొసన ఉండే బిగ్ ఎండ్ బేరింగ్ మార్చవలసిందే.