పర్లాకిమిడి, బరంపురం పిల్లలకు ఎల్లీ బైన్‌హార్న్ జీవితకథ చెప్పడం ఎలా

ఒడిశా సరిహద్దులో, అంటే పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో, తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది బడిలో ఒడియాలో చదువుకుని తెలుగును ఇంట్లో మాట్లాడతారు. వారికి సెలవు రోజుల్లో తెలుగు నేర్పే పెద్దలు పాఠంగా ఎంచుకోదగిన జీవితాలలో జర్మన్ విమాన చోదకురాలు ఎల్లీ బైన్‌హార్న్ జీవితం ఒకటని నా గట్టి నమ్మకం. అయితే ఆమెను ధీరవనిత అని, సాహసి అని పొగిడి వదిలేస్తే పిల్లలకు ఏమీ మిగలదు. ఆమెకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఇంజను ఎక్కడ ఆగింది, దారి ఎటు సాగింది అన్న మూడు సంగతులు చూపిస్తే ధైర్యం ఎంతటిదో వారికే తెలుస్తుంది.

ముందుగా ఒక పెద్ద ప్రపంచ పటం, గుండుసూదులు, ఎరుపు, నీలం రంగుల దారాలు, ఒక డ్రాయింగ్ షీటు సిద్ధం చేసుకోండి. పటం మీది ఊళ్ల పేర్లను తెలుగులోనూ ఒడియాలోనూ చిన్న చీటీల మీద రాసి అంటించండి. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లలు ఒడియా పేరు చూసి ఊరిని పోల్చుకుని, ఆ తరువాత తెలుగు పేరును సులువుగా చదవగలుగుతారు.

కథను 1928 నుంచి మొదలుపెట్టడం మంచిది. ఎల్లీ 1907 మే 30న హానోవర్ నగరంలో పుట్టిందన్న సంగతి ఒక వాక్యంలో చెబితే చాలు. అట్లాంటిక్ సముద్రాన్ని తూర్పు నుంచి పడమరకు విమానంలో మొదటిసారి దాటిన ముగ్గురిలో ఒకరైన హెర్మన్ కోల్ ప్రసంగాన్ని ఆమె 1928లో విన్నది. తల్లిదండ్రులు వద్దన్నా వినకుండా, తనకు వారసత్వంగా వచ్చిన కొద్దిపాటి సొమ్ముతో బెర్లిన్ చేరి, స్పాండౌలో చిన్న ఇంట్లో ఉంటూ స్టాకెన్ విమానాశ్రయంలో శిక్షణ పొంది, 1929లో లైసెన్సు సంపాదించింది. ఆ తరువాత ఆకాశంలో పల్టీలు కొట్టే ప్రదర్శనలు ఇచ్చి బతుకు తెరువు చూసుకుంది. సొమ్ము సంగతి పిల్లలకు అక్కర్లేదని దాటవేయకండి, ఎందుకంటే మన ప్రాంతపు పిల్లలకు కథలో అందరికన్నా ముందు అర్థమయ్యేది అదే.

1931 జనవరిలో ఆమె ఒంటరిగా పశ్చిమ ఆఫ్రికాలోని పోర్చుగీసు గినీకి (ఇప్పటి గినీ-బిస్సావ్) వెళ్లింది. తిరుగు ప్రయాణంలో ఇంజను చెడిపోయి సహారా ప్రాంతంలో దిగవలసి వచ్చింది. అక్కడి ప్రజలు ఆదరించి తోడు రాగా తింబక్తు చేరుకుంది. ఈ ఘట్టంలో ఆమెను ఒక్కదాన్నే కథానాయికగా నిలబెట్టకుండా, నీళ్లూ దారీ తెలిసిన ఎడారి మనుషులకు దక్కవలసిన గౌరవం దక్కేలా చెప్పండి.

ఎక్కువ సేపు కేటాయించవలసినది 1931 డిసెంబరులో మొదలైన ప్రపంచ యాత్రకు. విమానం పేరు క్లెమ్ 26. రెక్కలు కిందుగా అమర్చిన తేలికపాటి చిన్న విమానం అది. బెర్లిన్ దగ్గర మొదటి సూది గుచ్చి, ఎరుపు దారాన్ని ఇరాన్‌లోని బుషెహర్‌కు లాగి అక్కడ ఆపండి. అక్కడ ఇంజను మొరాయించింది. అదే సమయంలో అక్కడికి వచ్చిన అమెరికన్ చోదకుడు మోయ్ స్టీఫెన్స్ దాన్ని బాగుచేసిపెట్టాడు. దారం మన దేశం మీదుగా సాగి బాలి దీవి చేరాక మళ్లీ ఆపి, అక్కడి నుంచి ఆస్ట్రేలియా వైపు ఉన్న తిమోర్ సముద్రాన్ని చూపించండి. 1932 మార్చి 22న ఆమె డార్విన్‌లో దిగే ముందు దాటిన ఆ నీటి దూరం సుమారు 700 కిలోమీటర్లు. బరంపురం నుంచి విశాఖపట్నానికి రైలు దారి దాదాపు 275 కిలోమీటర్లు, కాబట్టి అంతకు రెండున్నర రెట్ల దూరం, ఒకే ఇంజను మీద, దిగడానికి చోటు లేని నీళ్ల పైన సాగిందని పిల్లల చేత లెక్క కట్టించండి. లెక్క తేలాక వారి ముఖాలు చూడండి.

సిడ్నీలో ఎరుపు దారం ముడివేసి నీలం దారం అందుకోండి. పసిఫిక్ మహాసముద్రాన్ని ఆమె గాలిలో దాటలేదు. విమానం భాగాలు విప్పి, ఓడ మీద న్యూజిలాండ్ మీదుగా పనామా చేర్చింది. అక్కడి నుంచి మళ్లీ ఎరుపు దారంతో దక్షిణ అమెరికా పడమటి తీరం వెంట వెళ్లి, ఆండీస్ పర్వతాలు దాటి, 1932 జూలైలో బ్యూనస్ ఎయిర్స్ చేరింది. ఆ తరువాత జర్మనీ దాకా మళ్లీ నీలం దారమే. ఈ రెండు రంగుల తేడా దాచకుండా చూపించాలి, లేకుంటే పెద్దయ్యాక పిల్లలు మన మాటను నమ్మరు.

ఇల్లు చేరేసరికి ఆమె మీద ఉన్న అప్పు సుమారు 15,000 మార్కులు. హిండెన్‌బర్గ్ కప్ అనే విమానయాన బహుమతిగా 10,000 వచ్చాయి. మిగిలిన 5,000 ఎలా తీరి ఉంటుందో పిల్లలనే అడగండి. ఛాయాచిత్రాలు, పత్రికలకు రాసిన వ్యాసాలు ఆమెకు ఆదాయమయ్యాయని జవాబు వచ్చేదాకా చెప్పకండి.

డ్రాయింగ్ షీటును నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు ఆమె సంవత్సరాలు, కుడివైపు మన సంవత్సరాలు రాయించండి. 1929లో ఆమెకు లైసెన్సు వచ్చింది, అదే ఏడాది జె.ఆర్.డి. టాటాకూ వచ్చింది. ఆమె బెర్లిన్ చేరిన 1932 ఆగస్టు తరువాత, అక్టోబరు 15న టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపారు. అప్పటికి బరంపురం, పర్లాకిమిడి, జయపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. ఆ 1936 ఆగస్టులోనే ఆమె ఒక్క రోజులో డమాస్కస్, కైరో, ఏథెన్స్ మీదుగా బెర్లిన్ చేరి మూడు ఖండాలను తాకింది. తాతలూ ముత్తాతలూ ఏ రాజ్యంలో ఉన్నారో తెలిసిన ఇళ్లలో ఈ షీటు పెద్దల చేత కూడా మాట్లాడిస్తుంది.

1933 తరువాతి జర్మనీ గురించి ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు నేరుగా చెప్పాలి. హిట్లర్ అధికారంలోకి వచ్చాక విమాన వీరుల పేరు ప్రతిష్ఠలను ఆ ప్రభుత్వం తన ప్రచారానికి వాడుకుంది. ఆమె 1936లో పెళ్లాడిన మోటారు పందెగాడు బెర్న్‌ట్ రోజ్‌మేయర్ ఎస్‌ఎస్ అనే నాజీ పార్టీ దళంలో సభ్యుడు. 1938 జనవరి 28న వేగ పరీక్షలో అతను మరణించేనాటికి వారి కొడుకుకు మూడు నెలలు నిండలేదు. ఈ భాగాన్ని మెత్తబరచనూ వద్దు, ఆమె మొత్తం జీవితాన్ని దానితో కొట్టివేయనూ వద్దు. అడిగిన ప్రశ్నకు అడిగినంత మేరకు జవాబివ్వండి.

ఆమె 1979లో, 72 ఏళ్ల వయసులో, లైసెన్సు తిరిగి ఇచ్చి, 2007 నవంబరు 28న నూరేళ్లు నిండాక మరణించింది. పాఠం ముగిశాక ప్రతి పిల్లా, పిల్లాడూ పటంలో ఒక మజిలీ ఎంచుకుని తెలుగులో నాలుగు వాక్యాలు రాయాలి. గుణింతం తప్పులు ఆ రోజు దిద్దకండి. ఆ కాగితాలను ఆ సూది పక్కనే అంటించి, తప్పులు మరుసటి వారం వారి చేతనే వెతికించండి.