డౌన్‌లోడ్ మేనేజర్ – 4వ పాఠం: ఆగిపోయిన ఫైలును డిలీట్ చేయకండి

ఈ వారం షెడ్యూలర్ (డౌన్‌లోడ్‌ను అనుకున్న టైముకు మొదలుపెట్టేది) గురించి చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. మూడో పాఠం చూసి ఐడీఎం (ఇంటర్నెట్ డౌన్‌లోడ్ మేనేజర్) పెట్టుకున్న చాలామంది ఒకే చోట ఇరుక్కున్నారు. గాజువాకలో ఒకరికి ముప్పావు వంతు దిగాక కరెంటు పోయింది. తెల్లారి రిజ్యూమ్ (ఆగినచోటి నుంచి కొనసాగించే బటన్) నొక్కితే 403 ఎర్రర్, అంటే సర్వర్ ఫైలు ఇవ్వనంది. విసుగొచ్చి డిలీట్ కొట్టి, మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టారట. మద్దిలపాలెం హాస్టల్ వైఫైలో ఇంకొకరిదీ అదే కథ. దిగిన డేటా అంతా వృథా అయిందంటే నాకు నిజంగా బాధేసింది.

రిజ్యూమ్ నొక్కగానే మేనేజర్ సర్వర్‌ని 'ఫలానా బైటు నుంచి పంపు' అని అడుగుతుంది. సర్వర్ సరేనంటే 206 అనే కోడ్‌తో మిగతా ముక్క మాత్రమే వస్తుంది. ఆ పద్ధతి దానికి లేకపోతే 200 అని, ఫైలు మొత్తం మొదటి నుంచి వస్తుంది. డౌన్‌లోడ్ విండోలో 'రిజ్యూమ్ కేపబిలిటీ' అనే వరుస చూడండి. అక్కడ 'నో' ఉంటే పెద్ద ఫైలును కరెంటు నమ్మకంగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

కానీ 403 వేరే సంగతి. దయచేసి ఇక్కడ నెమ్మదిగా చదవండి. చాలా సైట్లు ఇచ్చే లింకుకు గడువుంటుంది, కొన్ని గంటలో, ఒక రోజో. కొన్నిచోట్ల అది మీ ఐపీ అడ్రస్‌కే (నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరు) పనిచేస్తుంది. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారితే చెల్లదు. గడువు తీరిన బస్సు పాస్ లాంటిదన్నమాట: పాస్ మార్చుకుంటే చాలు, బస్సు అదే. మీ దగ్గరున్న ముక్కలకు ఏమీ కాలేదు. లిస్టులో ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'రిఫ్రెష్ డౌన్‌లోడ్ అడ్రస్' నొక్కండి. ఆ సైటు పేజీ తెరుచుకుంటుంది. లాగిన్ అడిగితే అవ్వండి. మునుపటిలాగే డౌన్‌లోడ్ బటన్ నొక్కండి. ఐడీఎం కొత్త లింకును పట్టుకుని పాత డౌన్‌లోడ్‌కే తగిలిస్తుంది. ఇప్పుడు రిజ్యూమ్ కొట్టండి. సైటులో ఫైలే మారిపోయి సైజు తేడా వస్తే మాత్రం కొత్తగా దించుకోక తప్పదు.

చివర్లో, అంతా దిగిపోయాక ఎర్రర్ వచ్చినవాళ్లు సీ డ్రైవ్ చూసుకోండి. ముక్కలు ముందు టెంపరరీ ఫోల్డర్‌లో చేరి, తర్వాత ఒకటవుతాయి. రెంటికీ చోటు కావాలి. నేనైతే ఆప్షన్స్‌లోకి వెళ్లి ఆ ఫోల్డర్‌ని డీ డ్రైవ్‌కి మార్చేస్తాను. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం లేదన్నవాళ్లకు: పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ పైబడిన ఒక్క ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, అందులో ఉన్నవి ముందే వేరే చోటికి కాపీ చేసుకుని.

ఒక ఫైలును ముక్కలుగా ఒకేసారి దించే కనెక్షన్లు 32 పెడితే వేగం పెరుగుతుందా అని అడిగారు. మీ నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు; 8 బిట్లు ఒక బైటు) అయితే సెకనుకు 12.5 ఎంబీ (మెగాబైట్లు) దాటదు, ఎన్ని పెట్టినా. నేను 8 దగ్గరే ఉంచుతాను. ఎక్కువ పెడితే కొన్ని సర్వర్లు అడ్డుకుంటాయి కూడా.

అభ్యాసం: ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ సైటు నుంచి డెస్క్‌టాప్ ఐఎస్ఓ (దాన్ని ఇన్‌స్టాల్ చేసే ఫైలు) మొదలుపెట్టండి. సగంలో వైఫై తీసేసి మొబైల్ హాట్‌స్పాట్‌కి మారండి. అడ్రస్ రిఫ్రెష్ చేసి పూర్తిచేయండి. తర్వాత సెవెన్‌జిప్‌తో దాని ఎస్‌హెచ్‌ఏ256 (ఫైలు సరిగ్గా దిగిందో లేదో చెప్పే వేలిముద్ర లాంటి కోడ్) తీసి, సైటులో ఇచ్చిన 64 అక్షరాలతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలును ఇన్‌స్టాల్‌కి వాడకండి.