పాత లెదర్ హ్యాండ్‌బ్యాగ్‌ను ఇంట్లో బాగుచేయడం: క్రీము రాసేది అన్నిటికన్నా చివర్లో

పాత బ్యాగ్ చేతికి రాగానే చాలామంది ముందుగా చేసే పని ఏదో ఒక క్రీమో, నూనో పట్టించడం. మొట్టమొదట మానుకోవాల్సిందీ అదే. తోలులోకి దిగిన నూనెను తిరిగి బయటికి లాగడం ఇంట్లో అయ్యే పని కాదు. దాని మీద రంగు నిలవదు, జిగురు పట్టదు, కింద ఉన్న మురికి ఇంకా లోపలికి దిగుతుంది. అందుకే ఈ పనికి ఒక వరస ఉంది: తోలు ఏ రకమో తేల్చుకోవడం, దులపడం, తుడవడం, బాగా ఆరనివ్వడం, కుట్లూ జిగురూ చూడటం, రంగు వేయడం, ఆ తర్వాత క్రీము. బాగుచేయబోయి పాడుచేసుకున్న బ్యాగుల్లో చాలావాటికి ఈ వరస తప్పడమే కారణం.

ముందు తోలు రకం తేల్చుకోండి

బ్యాగ్ అడుగున గానీ, పట్టీ లోపలి వైపు గానీ, పైకి కనబడని చోట ఒక నీటి చుక్క వేసి చూడండి. రెండు నిమిషాలైనా చుక్క పూసలా నిలబడి ఉంటే తోలు మీద పిగ్మెంట్ పూత (రంగు కలిసిన పైపొర) ఉన్నట్టు. వెంటనే ఇంకిపోయి అక్కడ రంగు ముదిరితే పూత లేని తోలు, అంటే అనిలిన్ రకమో (రంగు ఇంకించి, పైపొర వేయనిది), చెట్ల బెరడుతో పదును చేసినదో (పచ్చి చర్మాన్ని కుళ్ళకుండా తోలుగా మార్చడమే పదును చేయడం). నెమ్మదిగా ఇంకితే పలచటి పూత ఉన్న మధ్య రకం. చుక్క వేసేది తోలు బాగున్న చోటే అయ్యుండాలి. అరిగిన మూల మీద వేస్తే ఏ తోలైనా నీళ్ళు తాగేస్తుంది, మీరు రకాన్ని తప్పుగా అంచనా వేస్తారు.

తర్వాత కోసిన అంచు చూడండి. గజిబిజిగా అల్లుకున్న పీచు కనిపిస్తే తోలు. గుడ్డ మీద ప్లాస్టిక్ పొర కనిపిస్తే అది పాలీయురెథేన్. ఈ రకం పొరలుగా ఊడటం మొదలైతే దాని మీద కష్టపడకండి. గాలిలోని తేమే ఆ పొరను లోపలి నుంచి విరగ్గొడుతుంది కాబట్టి ఈ రోజు ఇక్కడ అంటించినా రేపు పక్కన ఊడుతుంది. బ్యాగ్ లోపల లైనింగ్ జిగటగా మారి చేతికి అంటుకుంటుంటే కారణం చాలాసార్లు ఇదే. అప్పుడు బయట తోలు బాగానే ఉండొచ్చు, లైనింగ్ మాత్రం మార్చాల్సిందే.

ముట్టుకుంటే ఇటుక రంగు పొడి రాలుతోందా? చెట్ల బెరడుతో పదును చేసిన పాత తోలు గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను పీల్చి ఆమ్లమెక్కితే ఇలా పొడిబారిపోతుంది. దీనికి నీళ్ళు తగిలితే నల్లబడి బిరుసెక్కుతుంది, క్రీము రాసినా అంతే. ఆల్కహాల్‌లో కరిగించిన హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ (పొడిని పట్టి ఉంచే జిగురులాంటి పదార్థం) రాస్తే పొడి రాలడం ఆగుతుంది గానీ, పోయిన బలం తిరిగి రాదు. అలాంటి బ్యాగ్ అలమరలో చూసుకోవడానికే, భుజాన వేసుకోవడానికి కాదు.

నూగులా ఉండే స్వేడ్, నూబక్, అద్దంలా మెరిసే పేటెంట్ లెదర్‌ల పద్ధతులు వేరు. ఇక్కడ చెప్పేవి వాటికి వర్తించవు.

దులపడం, బూజు

లోపలి జేబులన్నీ బయటికి లాగి, మెత్తటి బ్రష్ తగిలించిన వాక్యూమ్ క్లీనర్‌తో మూలమూలలా పీల్చండి. బూజు ఉంటే బ్యాగ్‌ను ఆరుబయటికి తీసుకెళ్ళి, మాస్క్ పెట్టుకుని, పొడి బ్రష్‌తో దులపండి. ఇంట్లో దులిపితే ఆ బీజాలు మిగతా బ్యాగుల మీద వాలతాయి. ఆ తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అంతే నీరు కలిపి, గుడ్డ తడిపి, బాగా పిండి తుడవండి. పూత లేని తోలు మీద ఆల్కహాల్ రంగును లేపగలదు, అందుకని ముందు మరుగున ఉన్న చోట పరీక్ష తప్పదు. బాల్‌పెన్ మరకల మీద మాత్రం దీన్ని ప్రయోగించకండి. పూత లేని తోలు మీద సిరా కరిగి ఇంకా వెడల్పుగా పాకుతుంది.

వాసన పోవడానికి ఒక గిన్నెలో వంట సోడా, లేదా యాక్టివేటెడ్ చార్‌కోల్ సంచి పెట్టి, బ్యాగ్‌తో సహా మూత ఉన్న డబ్బాలో వారం పాటు ఉంచండి. సోడాను తోలు మీద నేరుగా చల్లొద్దు, అది క్షారం.

తుడవడం

తోలు స్వతహాగా ఆమ్ల గుణం ఉన్నది, పీహెచ్ ఇంచుమించు 4 నుంచి 5 ఉంటుంది. బట్టల సబ్బు, ఒంటి సబ్బు 9, 10 దగ్గర ఉంటాయి. ఆ క్షారం తోలులోని కొవ్వునూ, పదును పదార్థాన్నీ బయటికి లాగేస్తుంది. తడిగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు, ఆరాక రంగు ముదిరి, బిరుసెక్కి, మడత దగ్గర పగులుతుంది. తోలు కోసం చేసిన న్యూట్రల్ క్లీనర్ వాడండి. అది దొరక్కపోతే అర లీటరు డిస్టిల్డ్ నీటిలో రెండు మూడు చుక్కలు తేలికపాటి బేబీ షాంపూ వేసి బాగా గిలకొట్టి, పైన తేలిన నురగ మాత్రమే స్పాంజితో తీసుకోండి. కింద నీటితో పని లేదు.

ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా, ఒక ముక్క మొత్తం ఒకేసారి తుడవాలి. మధ్యలో మరక ఉన్నంత మేరే తుడిస్తే తడి ఆగిన చోట గీతలా మచ్చ మిగులుతుంది. గుడ్డ మురికైనప్పుడల్లా మడత మార్చండి. మురికి బదులు బ్యాగ్ రంగే గుడ్డకు వస్తుంటే అక్కడితో ఆపేయండి.

చేతిపట్టీ మీద నల్లటి జిడ్డు చెమటది. పూత లేని తోలైతే తెల్లటి మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) మందంగా చల్లి రాత్రంతా ఉంచి, తెల్లారి బ్రష్‌తో దులపండి. రెండు మూడు రాత్రులు పట్టొచ్చు. పూర్తిగా పోదు, కొంత తేలుతుంది. దాన్ని మొత్తం వదిలించాలని గట్టిగా రుద్దినవాళ్ళు పైపొర లేపేసుకుంటారు.

లోపల తెల్ల నూలు గుడ్డలు కూరి, ఆకారం నిలబెట్టి, నీడలో కనీసం ఒక రోజు ఆరనివ్వండి. పాత పేపర్లు కూరొద్దు, సిరా అంటుతుంది. హెయిర్ డ్రయర్ వేడి గాలి అసలే వద్దు. కొత్త తోలు తడిగా ఉన్నా 70 డిగ్రీల వరకు తట్టుకుంటుంది గానీ, పాతబడి బలహీనమైన తోలు తడి మీద ఉన్నప్పుడు 60 లోపే ముడుచుకుపోవచ్చు. ముడుచుకున్నది మళ్ళీ సాగదు.

బ్యాగ్ మొత్తాన్ని గోరువెచ్చటి నీళ్ళలో ముంచే పద్ధతి ఒకటి చలామణిలో ఉంది. 1970లు, 80ల నాటి కోచ్ (అమెరికన్ బ్రాండ్) బ్యాగుల్లాంటి, లైనింగ్ లేని మందపాటి తోలుకు అది పనిచేస్తుంది. లోపల అట్ట పెట్టి బిగించిన బ్యాగ్ అయితే అట్ట ఉబ్బి ఆకారం పోతుంది, జిగురు వదులుతుంది. ఎరుపు, నీలం రంగులు కారతాయి. మిగతావన్నీ చేసినా మురికి వదలనప్పుడు తప్ప దాని జోలికి వెళ్ళకపోవడమే మేలు.

ఇత్తడి, చిలుము

బకిల్ దగ్గర అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత. దాన్ని పాలిష్ చేస్తే ఉన్న పూత కూడా పోతుంది, మెత్తటి గుడ్డతో తుడిచి వదిలేయండి. అంటుకోకపోతే ఇత్తడి కావచ్చు. ఇత్తడి రివెట్ల చుట్టూ ఆకుపచ్చగా, మైనంలా పేరుకునే పదార్థం తోలులోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి ఏర్పడినది. తడి చేయకుండా వెదురు పుల్లతో గీకి, పొడి దూదితో తీసేయండి. తోలులో ఎక్కువ నూనె ఉంటే ఇది మళ్ళీ వస్తుంది, క్రీము అతి చేయకూడదనడానికి ఇదో కారణం. ఇత్తడి పాలిష్ రాసేముందు లోహం కింద పలచటి ప్లాస్టిక్ షీటు జొప్పించండి. పాలిష్ తోలుకు తగిలితే రంగు లేచిపోతుంది.

స్టీల్ ఊల్ దగ్గరికి రానివ్వొద్దు. చెట్ల బెరడు పదును తోలులో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. ఇనుప రజను చిన్నదైనా సరే, తేమ తగిలితే దాని చుట్టూ నీలి నలుపు మచ్చ పడుతుంది.

జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తి గానీ, పెన్సిల్ మొన గానీ పళ్ళ మీద రుద్దండి, చాలు.

ఊడిన కుట్లు

పాత రంధ్రాలనే వాడాలి, కొత్తవి పొడిస్తే తోలు చిరుగుతుంది. 0.6 నుంచి 0.8 మి.మీ. మైనం పట్టించిన పాలిస్టర్ దారం, మొన మొద్దుగా ఉన్న రెండు సూదులు తీసుకోండి. కుట్టాల్సిన పొడవుకు నాలుగింతల దారం కత్తిరించి, రెండు కొసలకూ చెరో సూది ఎక్కించండి. ప్రతి రంధ్రంలోంచీ రెండు సూదులూ ఎదురెదురుగా దూరాలి. ఇది జీను కుట్టు, ఒక చోట తెగినా వరసంతా ఊడదు. ఊడిన చోటికి అటూ ఇటూ గట్టిగా ఉన్న మూడు రంధ్రాల నుంచి మొదలుపెట్టి, చివర రెండు రంధ్రాలు వెనక్కి కుట్టి, దారం మిల్లీమీటరు మిగిల్చి కత్తిరించి, కొస కరిగించి నొక్కండి. పొరలు విడిపోయిన చోట కాంటాక్ట్ సిమెంట్ అనే జిగురును రెండు వైపులా పలచగా రాసి, పది పదిహేను నిమిషాలాగి, వేలికి అంటని స్థితికి వచ్చాకే అతికించండి. తడిగా ఉండగా అతికిస్తే పట్టదు.

అరిగిన మూలలు

పూత ఉన్న బ్యాగులకే ఈ పద్ధతి. మూల చుట్టూ టేపు వేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా లెదర్ ప్రిపేరర్ (పాత మైనం, పాలిష్ తీసే ద్రవం) దూదితో రుద్దండి. మెరుపు పోయి మసకగా కనిపించేదాకా చేయాలి. రంగు తర్వాత పెచ్చులుగా ఊడిందంటే పదింట తొమ్మిదిసార్లు ఈ మెట్టు సరిగ్గా చేయనట్టే, కింద మైనమో, సిలికానో మిగిలి ఉంటుంది. గతంలో షూ పాలిష్ రాసిన బ్యాగ్‌లకు ఈ పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

పీచు లేచి ఉంటే 600 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, లెదర్ బైండర్ (లేచిన పీచును పట్టి ఉంచే ద్రవం) రెండు పూతలు వేయండి. ఒక్కో పూత అరగంట ఆరాలి. ఆ తర్వాత 1000 నంబరుతో నునుపు చేయండి. గుంట ఉంటే ఫిల్లర్‌ను అర మిల్లీమీటరు కన్నా పలచగా, పొర మీద పొరగా నింపండి. ఒకేసారి మందంగా నింపితే పైన ఆరి లోపల మెత్తగా ఉండిపోతుంది, వంగిన మొదటి రోజే పగులుతుంది.

రంగు కలపడమే అసలు కష్టం. నీటి ఆధారిత యాక్రిలిక్ రంగు తడి మీద లేతగా కనబడి, ఆరాక ముదురుతుంది. ప్రతిసారీ తెల్ల కాగితం మీద చుక్క వేసి, ఆరనిచ్చి, పగటి వెలుతురులో బ్యాగ్ పక్కన పెట్టి చూడండి. మూల మీద కాకుండా మూల పక్కనున్న తోలుతో పోల్చండి. గోధుమ రంగును ముదిర్చడానికి నలుపు కలిపితే ఆకుపచ్చ ఛాయ వస్తుంది, ముదురు గోధుమే కలపాలి. కొంచెం లేతగా ఉన్నా కన్ను పట్టుకోదు, ముదిరితే అతుకులా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

టేపు తీసేసి, స్పాంజి ముక్కతో అద్దండి, గీయొద్దు. మొదటి పూతకు కింద తోలు సగం కనబడుతూనే ఉండాలి. మూడు నుంచి ఐదు పూతలు, మధ్యలో అరగంట, అంచుల వైపు వెళ్ళేకొద్దీ పలచగా. పైన ఫినిషర్ (రంగును కాపాడే పారదర్శక ద్రవం) రెండు పూతలు. మ్యాట్ (మెరుపు లేనిది), గ్లాసీ (మెరిసేది) రెండూ కలిపి బ్యాగ్ మెరుపుకు దగ్గర చేసుకోవచ్చు. ముట్టుకోవడానికి మర్నాటికే ఆరినట్టుంటుంది, పూర్తిగా గట్టిపడటానికి వారం కావాలి. ఈలోపు బ్యాగ్‌ను ఏ గోడకో ఆనించి పెడితే రంగు అక్కడే అంటుకుపోతుంది.

పూత లేని తోలుకు ఈ రంగులు వేస్తే ప్లాస్టిక్ కళ వస్తుంది. దానికి రంగు కలిసిన క్రీముతో సరిపెట్టుకోండి, గీతలు మరుగున పడతాయి, తోలు తోలులాగే కనిపిస్తుంది.

ఇప్పుడు క్రీము

బ్యాగ్ మొత్తానికి చిన్న చెంచాడు క్రీము ఎక్కువే. గుడ్డకు తీసుకుని పలచగా పట్టించి, అరగంట తర్వాత మిగిలింది తుడిచేసి, ఒక రోజు వదిలేయండి. మరీ ఎండిన తోలైతే ఇంకో పూత. వంటనూనెలు, ఆలివ్ నూనెతో సహా, కొన్నాళ్ళకు చెడి వాసన కొడతాయి. నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసేది) తోలును మెత్తబరుస్తుంది గానీ, లేత రంగు బ్యాగ్‌లను శాశ్వతంగా ముదిరిస్తుంది. పూత గట్టిగా ఉన్న తోలులోకి క్రీము దిగదు, పైపైన మెరుపే. పగుళ్ళు ఏ క్రీముతోనూ పూడవు. అక్కడ పీచే తెగిపోయి ఉంటుంది, ఫిల్లర్ వేయాలి, లేదా అలాగే ఉంచుకోవాలి.

గుడ్డ సంచిలో, పట్టీ వేలాడదీయకుండా, గాలిలో తేమ 50 శాతం దగ్గర ఉండే చోట పెట్టండి. 65 దాటితే బూజు మళ్ళీ మొదలవుతుంది. ప్లాస్టిక్ కవర్లో మూసి పెడితే తేమ లోపలే ఉండిపోతుంది.