బాదం ఆకుల కిరీటం, రావి ఆకు జాలీ

మన వైపు ఆకులు రాలేది అక్టోబరులో కాదు, సంక్రాంతి దాటాక. వీడియోల్లో చూసి మేపుల్ ఆకులు కావాలని పేచీ పెట్టే పిల్లలకు వీధి చివరి నాటు బాదం చెట్టు చూపించండి. జనవరి, ఫిబ్రవరిల్లో దాని ఆకులు పసుపు, నారింజ, ముదురు ఎరుపు రంగులకు తిరిగి రాలతాయి. జానెడు పొడవు, మంచి మందం. పిల్లల చేతికి ఇంతకంటే అనువైన ఆకు ఇంకోటి లేదని నా నమ్మకం.

పొద్దున్నే, ఊడ్చేవాళ్లు రాకముందే ఏరాలి. రాత్రి రాలినవి మెత్తగా వంగుతాయి. రెండు రోజులు ఎండలో పడి ఉన్నవి మడవగానే పెళుక్కున విరుగుతాయి. చీమలు దులిపి, తడిగుడ్డతో తుడవండి.

మా అక్క పిల్లలు "పిన్నీ, కిరీటం" అనే మొదలుపెడతారు. విస్తరాకు కుట్టడం వచ్చినవాళ్లకు ఇది చిటికెలో పని. కొబ్బరి చీపురు పుల్లల్ని అంగుళంన్నర ముక్కలుగా విరవండి. ఆకుల తొడిమలు తుంచి, మొనలు పైకి ఉండేలా పక్కపక్కన పేర్చి, ఒకదాని అంచు మీదికి ఇంకోదాన్ని రెండు వేళ్ల మేర ఎక్కించండి. పుల్లను పైనుంచి కిందికి గుచ్చి మళ్లీ పైకి తీయండి. పుల్ల కొసలు లోపలివైపు మిగిలితే నుదుటికి గుచ్చుకుంటాయి, తడిమి చూసుకోండి. ఆరేడు ఆకులకు తల చుట్టూ వచ్చేస్తుంది. ఐదేళ్ల లోపు పిల్లలైతే గుచ్చే పని మీది, రంగుల వరస వాళ్లది. స్టేప్లర్‌తోనూ అవుతుంది గానీ, పారేశాక ఆ పిన్నులు ఏ ఆవు నోట్లోనో పడతాయి.

కిరీటం మర్నాటికి ముడుచుకుపోతుంది. దాచుకోవాలంటే రావి ఆకే. చిల్లుల్లేని ముదురు ఆకుల్ని పాత బకెట్లో నానేసి, పైన రాయి పెట్టండి. మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చాలి, కంపు కొడుతుంది, బాల్కనీలోనే ఉంచండి. రెండు మూడు వారాలకు పై పొర వేలికి జారుతుంది. అప్పుడు పళ్లెంలో నీళ్లు పోసి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో రుద్దకుండా తట్టాలి. ఆకు ఈనెలు మాత్రమే వలలాంటి జాలీగా మిగులుతాయి. న్యూస్‌పేపర్ మధ్య పెట్టి, పైన బరువు పెట్టి ఆరనివ్వండి. బట్టల సోడా వేసి ఉడికిస్తే తొందరగా అవుతుంది, కానీ పిల్లలు పక్కనుండగా ఆ పొయ్యి దగ్గర టెన్షన్ నేను పడలేను.

నల్ల చార్టు మీద అంటిస్తే జాలీ బాగా కనిపిస్తుంది. ఫెవికాల్ తొడిమ దగ్గర, నడిమి ఈనె వెంట చుక్కలుగా పెట్టండి చాలు. ఆకంతా పూస్తే సన్నటి కన్నాలన్నీ మూసుకుపోతాయి.